ఫ్రెడ్: క్రిస్మస్ రోజు డాలర్ ఉచితం

రేటింగ్ ముందే చెప్పేస్తాను: ఐదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు కోశానో కింద ఉంది. అందులో బంగారం గొడవ కూడా ఉంది.

ఫ్రెడ్ అంటే మనిషి కాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు నడిపే ఆర్థిక గణాంకాల వెబ్‌సైటు. ఫెడరల్ రిజర్వ్ ఎకనామిక్ డేటా అన్న పేరుని కుదిస్తే ఫ్రెడ్ అయింది. పైసా కట్టక్కర్లేదు. గ్రాఫ్ చూసుకోవడానికి, ఫైలు దింపుకోవడానికి లాగిన్ కూడా అడగదు. వందకు పైగా సంస్థల దగ్గర్నుంచి తెచ్చిన ఎనిమిది లక్షలకు పైగా సిరీస్‌లు, అంటే తేదీల వారీ లెక్కల వరసలు, అందులో ఉన్నాయి. నిరుద్యోగం, ధరలు, వడ్డీ రేట్లు, మా కజిన్ ఇల్లు కొన్న టెక్సస్ కాలిన్ కౌంటీలో ఇళ్ల ధరల సూచీ దాకా.

నేను దీన్ని సరదాకి వాడినదాన్ని కాదు. ఒక కేంద్ర బ్యాంకు పరిశోధన విభాగంలో రెండేళ్లు జూనియర్ రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేశాను. ఏ ఊరి బ్యాంకో వదిలేయండి. ఈ సంగతి తెనాలిలో తెలియగానే మా మావయ్య, "రిజర్వు బ్యాంకు గవర్నర్లుగా చేసిన వై.వి. రెడ్డి గారు మనవాడే, దువ్వూరి సుబ్బారావు గారూ మనవాడే, ఇక నువ్వే" అని తేల్చేశాడు. పిన్ని అయితే ఫోన్ చేసినప్పుడల్లా "మరి వడ్డీలు ఎప్పుడు తగ్గిస్తున్నావే?" అని అడిగేది. నేను తగ్గించగలిగిందల్లా గ్రాఫ్‌లో గీత మందం.

ఆ ఉద్యోగం ఎలా ఉంటుందంటే, ధరల సూచీ విడుదలయ్యే రోజు ఈస్టర్న్ టైం ఎనిమిదిన్నరకి, అంటే మా ఊరి గడియారంలో ఏడున్నరకి నంబరు బయటికొస్తుంది. కాసేపట్లో పట్టిక, గ్రాఫ్‌లు, రెండు వాక్యాల నోటు పైవాళ్ల చేతిలో ఉండాలి. మన నోటు ఎంత బాగుందో ఎవరూ చెప్పరు. అడిగేవి రెండే ప్రశ్నలు: ఈ నంబరు ఎక్కడిది? ఏ రోజు తీసుకున్నావు? మొదటి నెలలో ఈ రెండింటికీ నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఆఫీసులో డబ్బు కట్టి తెచ్చుకున్న పెద్ద డేటాబేస్ ఉంది. అయినా సందేహం వస్తే అందరూ ఫ్రెడ్‌నే తెరిచేవాళ్లు. ప్రతి గ్రాఫ్ కింద మూలం పేరు, విడుదల పేరు, యూనిట్లు, చివరిసారి మార్చిన తేదీ ఉంటాయి. ఆ రెండు ప్రశ్నలకీ జవాబు ఆ నాలుగు లైన్లే.

ఇక అసలు కథ. డాలరుకి ఎన్ని రూపాయలో రోజువారీ చెప్పే సిరీస్ ఒకటి ఉంది, కోడ్ డీఈఎక్స్ఐఎన్‌యూఎస్. 1973 నుంచి ఉంది. ఒక జనవరి చివర్లో, 2024లో, కొన్ని దేశాల కరెన్సీల గ్రాఫ్ చేయమన్నారు. నేను ఏపీఐ ద్వారా, అంటే కోడే సైటుని నేరుగా అడిగి తెచ్చుకునే దారిలో, డేటా లాగాను. ఫ్రెడ్ ఏపీఐలో ఆ రోజు విలువ లేకపోతే ఖాళీ రాదు, ఒక చుక్క వస్తుంది. ఉత్త ఫుల్‌స్టాప్. నా పైథాన్ కోడ్ ఆ చుక్క దగ్గర ఆగిపోయి ఎర్ర అక్షరాలు కక్కింది. లంచ్ టైం, ఆకలి, టెన్షన్. చుక్క కనిపిస్తే సున్నా పెట్టమని ఒక లైను రాసేశాను. కోడ్ నడిచింది. నేను తినడానికి వెళ్లాను.

గ్రాఫ్‌లో రూపాయి గీత ఎనభై మూడు దగ్గర బుద్ధిగా నడుస్తూ నడుస్తూ డిసెంబర్ 25న బావిలో చేద వదిలినట్టు నేల మీదికి పడింది. మర్నాడు మళ్లీ ఎనభై మూడు. జనవరి 1న మళ్లీ పడింది. జనవరి 15న ఇంకోసారి, ఆ రోజు అక్కడ మార్టిన్ లూథర్ కింగ్ సెలవు, మనకి సంక్రాంతి. మా పై ఆవిడ గ్రాఫ్‌ని కాసేపు చూసి, "క్రిస్మస్ రోజు డాలర్లు ఊరికే పంచారా? నాకెవరూ చెప్పలేదే" అంది. అంతే. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. నాన్నది కిరాణా కొట్టు. నవ్వలేదు. "కొట్టు మూసిన రోజు చిట్టాలో నేనేం రాస్తానమ్మా?" అన్నారు. అడ్డంగా ఒక గీత కొడతారు. కొట్టు తెరిచి కూర్చున్నా బేరం కాని రోజున మాత్రం సున్నా వేస్తారు. చిన్నప్పుడు ఆ చిట్టా మీదే కూడికలు నేర్చుకున్నాను, గీతకి, సున్నాకి తేడా అప్పుడు పట్టించుకోలేదు. ఫ్రెడ్ చుక్క పెట్టేదీ నాన్న గీత కొట్టేదీ ఒకటే పని.

ఇప్పుడు నిరుద్యోగ రేటు గ్రాఫ్ తెరవండి. 1948 జనవరి నుంచి నెల తప్పకుండా సాగిన గీత 2025 అక్టోబరు దగ్గర తెగి ఉంటుంది. ఆ నెల అమెరికా ప్రభుత్వం మూతపడి ఇంటింటి సర్వే జరగలేదు. ఫ్రెడ్ ఆ రెండు చివర్లనీ కలిపి గీత గీయలేదు. అక్కడ నాకు దాని మీద గౌరవం పెరిగింది.

చరిత్ర కొంచెం. 1960ల్లో సెయింట్ లూయిస్ బ్యాంకులో హోమర్ జోన్స్ అనే ఆయన పరిశోధన డైరెక్టర్. అంతకు చాలా ముందు ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్‌కి కాలేజీలో పాఠం చెప్పిన మాస్టారు. డబ్బు సరఫరా లెక్కల పట్టికలు తయారు చేయించి బయటివాళ్లకి పంపేవారు. ఆ అలవాటే పెరిగి పెరిగి 1991లో మోడెమ్‌తో డయల్ చేసే బులెటిన్ బోర్డు అయింది, తర్వాత వెబ్‌సైటు. అదే 1991లో, పీవీ ప్రధాని అయిన పది రోజులకి, జులై 1న ఒకసారి, 3న ఒకసారి రూపాయి విలువ తగ్గించారు. ఇందాకటి రూపాయి సిరీస్‌లో తేదీలు జూన్, జులై 1991కి కుదించి చూడండి. 21 దగ్గర బల్లపరుపుగా ఉన్న గీత దాదాపు 26కి మెట్లెక్కినట్టు లేస్తుంది. పాఠంలో చదివి మర్చిపోయిన విషయం కళ్లముందు మెట్టుగా కనపడుతుంది. ఒక జాగ్రత్త: గీత పైకి పోతే రూపాయి పడిపోతోందని అర్థం. పిన్నికి పంపిస్తే "పైకే పోతోందిగా, మంచిదేగా" అంది.

నాకు ఫ్రెడ్ కంటే దాని తమ్ముడు ఇంకా ఇష్టం. పేరు ఆల్ఫ్రెడ్. సరదా పేరే గానీ పని చాలా గట్టిది. ఆర్థిక లెక్కలు ఒకసారి వచ్చి అక్కడే ఉండవు, మారుతూ ఉంటాయి. ఆల్ఫ్రెడ్‌లో ఫలానా తేదీన లోకానికి ఏ నంబరు తెలుసో ఆ నంబరు దొరుకుతుంది. ఉదాహరణకి 2008 చివరి మూడు నెలల అమెరికా జీడీపీ. 2009 జనవరి చివర్లో వచ్చిన మొదటి అంచనా వార్షిక లెక్కన 3.8 శాతం తగ్గుదల. నెల తిరక్కుండానే అది 6.2 అయింది. తర్వాతి సవరణల్లో 8 దాటింది. ఇవాళ ఫ్రెడ్‌లో చూసి "ఇంత పడిపోతుంటే కేంద్ర బ్యాంకువాళ్లకి కనపడలేదా" అనడం తేలిక. అప్పటి గదిలో కూర్చున్నవాళ్ల బల్ల మీద ఉన్నది 3.8. "ఏ రోజు తీసుకున్నావు" అన్న ప్రశ్న చాదస్తం కాదని నాకు అర్థమైంది ఇక్కడే.

కొత్తగా వాడేవాళ్లు మొదట జారిపడేది సీజనల్ సర్దుబాటు దగ్గర. సంక్రాంతికి కోళ్ల ధర పెరిగితే అది ద్రవ్యోల్బణం కాదు, పండగ. అలాంటి పండగ ప్రభావాన్ని తీసేసిన లెక్క ఒకటి, తీయనిది ఒకటి ఉంటాయి. ధరల సూచీ కోడ్ చివర ఎస్ఎల్ ఉంటే తీసేసినది, ఎన్ఎస్ ఉంటే తీయనిది. పేపర్లో వచ్చే ఏడాది ద్రవ్యోల్బణం శాతం తీయని దాని నుంచి లెక్కేస్తారు. మీరు తీసేసినది పట్టుకుంటే ఒక్కోసారి 0.1 శాతం పాయింటు తేడా వస్తుంది. ఆ 0.1 కోసం మధ్యాహ్నమంతా వెతికినవాళ్లలో నేనొకదాన్ని.

వాడకం సుఖంగా ఉంటుంది. గ్రాఫ్ పక్కన ఎడిట్ నొక్కి యూనిట్లు "ఏడాది క్రితంతో పోలిస్తే శాతం మార్పు"కి మార్చుకోవచ్చు, రెండు సిరీస్‌లని కూడవచ్చు, భాగించవచ్చు. మాంద్యం కాలాలు బూడిద రంగు పట్టీలుగా వాటంతట అవే వస్తాయి. ఎక్సెల్ యాడ్-ఇన్ ఉంది, స్టాటా అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో అయితే నేరుగా లాగే కమాండ్ ఉంది. ఎడమవైపు ఒక కొలత, కుడివైపు ఇంకో కొలత పెట్టి రెండు గీతల్ని ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టే సౌకర్యం కూడా ఉంది, దాన్ని మాత్రం పిల్లల చేతిలో కత్తిలా చూడండి. కొలతలు కాస్త జరిపితే దేనికి దేనితోనైనా పెళ్లి కుదురుతుంది.

కోసిన అర మార్కు సంగతి. అమెరికా షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 ఇక్కడ పదేళ్లదే కనిపిస్తుంది, లైసెన్సు అంతవరకే. లండన్‌లో బ్యాంకులు ఒకదానికొకటి అప్పిచ్చుకునే లైబార్ వడ్డీ రేట్లు 2022 జనవరి చివర తీసేశారు. వాటితోపాటే లండన్ బంగారం ధర కూడా పోయింది. ఆ డేటా హక్కులు వేరేవాళ్లవి కాబట్టి ఫ్రెడ్‌ని తప్పు పట్టలేను, కానీ పాత కోడ్‌లో ఆ సిరీస్ పేరు ఉన్నవాళ్లు ఏమనుకుంటారో నాకు తెలుసు. రూపాయి మారకం రోజువారీదే అయినా వారానికోసారి విడుదలయ్యే పట్టిక నుంచి వస్తుంది, నిన్నటి రేటు ఇవాళ దొరుకుతుందని చూడకండి. భారత్ సిరీస్‌లు చాలావరకు ఓఈసీడీ, ప్రపంచ బ్యాంకు లాంటి చోట్ల నుంచి తెచ్చినవి. అక్కడ ఆగితే ఇక్కడా ఆగుతుంది, అందుకే చివరి తేదీ చూడకుండా ఏదీ దింపుకోవద్దు. ఇక ఆంధ్రాదీ తెలంగాణదీ లెక్కలు కావాలంటే దీన్ని మూసేసి మన రిజర్వు బ్యాంకు వేసే రాష్ట్రాల గణాంకాల హ్యాండ్‌బుక్ తెరవండి. అదీ ఉచితమే.

రిజర్వు బ్యాంకు గ్రేడ్ బి ఉద్యోగ పరీక్షకి చదివేవాళ్లు, ఎంఏ ప్రాజెక్టు ఉన్నవాళ్లు, పైథాన్ నేర్చుకుంటూ టైటానిక్ ప్రయాణికుల డేటాతో విసిగిపోయినవాళ్లు, అందరూ ఒకసారి చూడండి. నెల రోజులు రోజుకొక సిరీస్ తీసుకుని కింద ఉన్న నోట్స్ మాత్రమే చదవండి, గ్రాఫ్ తర్వాత.

అమ్మకి కావల్సింది మాత్రం బంగారం ధర ఒక్కటే. రెండేళ్లు నేను కేంద్ర బ్యాంకులో ఉండి కూడా అది చెప్పలేకపోయానని ఆవిడ బాధ. తెనాలి నగల షాపతను వాట్సాప్ స్టేటస్‌లో ఉదయం పదింటికల్లా 22 క్యారెట్లది, 24 క్యారెట్లది రెండూ పెడతాడు. షాపు మూసిన ఆదివారం నాడు కూడా పెడతాడు. ఆ ఆదివారం రేటు ఎక్కడి నుంచి తెస్తాడని అడిగితే అమ్మ నన్ను వింతగా చూసింది.