గీజర్ సంగతి సరే, లోపలి రాడ్డు ఊసెత్తరేం?

ఈ గీజర్ ఎన్ని లీటర్లు, ఎన్ని స్టార్లు, ఎంతసేపట్లో నీళ్లు కాగుతాయి అన్నవి డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. నిజాంపేటలో బోరు నీళ్ల అపార్ట్‌మెంటులో ఏళ్ల తరబడి వాడాక నాకు మిగిలిన ప్రేమంతా దీని లోపలున్న మెగ్నీషియం రాడ్డు మీద. కోపమంతా ఆ రాడ్డు పేరైనా చెప్పకుండా అమ్మినవాళ్ల మీద.

షాపులో ట్యాంకుకి ఏడేళ్ల వారంటీ అని ఊదరగొట్టారు. ఆ ఏడేళ్లూ ట్యాంకుని కాసేది ఎనామిల్ పూత ఒక్కటే కాదు. పూత ఎంత బాగా వేసినా అతుకుల దగ్గర కంటికి ఆనని ఖాళీలు మిగులుతాయి. పక్కనే రాగి ఎలిమెంటు, చుట్టూ ఉప్పు కలిసిన వేడినీళ్లు. రాగి, ఇనుము ఒకే నీళ్లలో ఉండి ఒకదానికొకటి తగిలితే కరిగేది ఇనుమే. ఇంటర్ కెమిస్ట్రీ గుర్తున్నవాళ్లకి అంకెలు: రాగి ప్లస్ 0.34 వోల్టులు, ఇనుము మైనస్ 0.44, మెగ్నీషియం మైనస్ 2.37. ఒకదానికొకటి తగిలినవాటిలో ఏ లోహం అంకె కిందికుంటే అది ముందు కరుగుతుంది. రాడ్డు ఉన్నన్నాళ్లూ ఇనుముకి బదులు అదే అరిగిపోతుంది. ఇంత ముఖ్యమైన సంగతి బిల్లు మీద లేదు, గీజర్ బిగించినవాడి నోట్లో లేదు.

పోయినేడు సంక్రాంతి ముందు గీజర్ అడుగు నుంచి చుక్క చుక్కగా కారడం మొదలైంది. సర్వీసు అబ్బాయి వచ్చి, ఒక్క స్క్రూ కూడా విప్పకుండా "ట్యాంకు పోయింది మేడం, ఎక్స్చేంజ్‌లో కొత్తది తీసుకోండి" అన్నాడు. వారంటీ గడువు దాటి అప్పటికి కొన్ని నెలలే అయింది, చూశారా! మా అత్తయ్య ఒప్పుకోలేదు. "ఎక్కడ కారుతోందో చూడకుండానే పోయిందంటాడేంటి?" అని మా వీధి ప్లంబర్‌ని పిలిపించారు. ఆయన గుడ్డతో అంతా పొడిగా తుడిచి, టార్చి వేసి, కాసేపు అలా చూస్తూ నిలబడ్డాడు. చుక్క ట్యాంకులోంచి రావట్లేదు. వేడినీళ్ల మూతికి బిగించిన జీఐ నిపుల్ (జింకు పూత వేసిన ఇనుప పైపు ముక్క) దగ్గర ఊరి, బాడీ వెంట జారి, అడుగున పడుతోంది.

రెంచి పెట్టి తిప్పగానే నిపుల్ మర దగ్గర విరిగి చేతిలోకి వచ్చేసింది. గీజర్ వైపు కొస బాగానే ఉంది. ఇత్తడి కప్లింగ్ లోపలికి దిగిన కొసకి మాత్రం మరలే లేవు, ఎర్రటి మడ్డి మిగిలింది. ఇత్తడికి కాస్త చిలుము పట్టిందంతే. "ఇత్తడి పక్కన జీఐ పెడితే ఇంతేనమ్మా, తినేస్తది" అన్నాడు. మధ్యలో టెఫ్లాన్ టేపు ఉంది కదా అనుకుంటాం గానీ, మర బిగిసేటప్పుడు టేపు తెగి లోహం లోహానికి తగులుతూనే ఉంటుంది. లోపలి రాడ్డు ఇక్కడ ఏమీ చేయలేదు, దాని కాపలా ట్యాంకు వరకే.

పనిలో పనిగా కింది ప్లేటు విప్పించాం. బొటనవేలి మందాన ఉండాల్సిన రాడ్డు లేనే లేదు. నడిమి తీగ ఒక్కటీ, దానికి అక్కడక్కడా సుద్దముక్కల్లా తెల్లటి గడ్డలు. అడుగున పేరుకున్న సున్నం తోడేసి టార్చి వేస్తే ట్యాంకు లోపలి నీలం పూత నిగనిగలాడింది, ఒక్క తుప్పు మరక లేదు. ఈ ట్యాంకునేనా పోయిందన్నాడు!

అయితే రాడ్డుతోనూ పేచీ ఉంది. కొత్తది వేయించాక, ఎండాకాలం సెలవులకి ఊరెళ్లొచ్చి కుళాయి తిప్పితే కుళ్లిన కోడిగుడ్ల కంపు. బోరు నీళ్లలో సల్ఫేటు ఉంటే దాని మీద బతికే బ్యాక్టీరియాకి, మెగ్నీషియం కరిగేటప్పుడు పుట్టే హైడ్రోజన్ మంచి మేత. అవి వదిలే హైడ్రోజన్ సల్ఫైడుదే ఆ కంపు. థర్మోస్టాట్ 60 డిగ్రీలు దాటించి, నీళ్లన్నీ వదిలేస్తే పోయింది. 1824లో ఇంగ్లండు కెమిస్టు హంఫ్రీ డేవీకీ ఇలాంటిదే ఎదురైంది. బ్రిటిష్ నౌకాదళం ఓడల రాగి రేకులకి ఇనుప ముక్కలు తగిలించి రాగి కరగకుండా ఆపాడు. రాగి కరగడం మానేసరికి, దాని విషానికి దూరంగా ఉండే నాచూ గుల్లలూ వచ్చి ఓడ అడుగుని పట్టేశాయి.

ఇంకోటి. మా అపార్ట్‌మెంటుకి సాఫ్ట్‌నర్ (నీళ్ల కఠినత్వం తగ్గించే యంత్రం) పెట్టాక ఎలిమెంటు మీద సున్నం బాగా తగ్గింది. కానీ సున్నం పొర లేకపోతే రాడ్డు ఇంకా తొందరగా కరుగుతుందట. కాబట్టి పాత రాడ్డు వచ్చినన్నాళ్లు ఇది వస్తుందన్న ధీమా నాకు లేదు.

కొనొచ్చా అంటే, మంజీరా నీళ్లో కృష్ణా నీళ్లో వచ్చే ఇళ్లలో ఇంత గొడవ ఉండకపోవచ్చు. అద్దె ఇల్లయితే ఓనరుకి చెప్పి ఊరుకోండి. మాది సొంత ఫ్లాటు, ఇంట్లో పెద్దవాళ్లున్నారు, రోజూ వేడినీళ్లు కావాలి. కొత్త గీజర్ ఖరీదు ముందు రాడ్డూ గాస్కెట్టూ ఒక లెక్కా? రెండేళ్లకోసారి ప్లేటు విప్పిద్దామనుకుంటున్నాం. జీఐ నిపుల్ తీసి స్టెయిన్‌లెస్ స్టీలుది వేయించాం. గీజర్ మూతి మామూలు ఇనుమే కాబట్టి అక్కడ తడి ఉందేమో అప్పుడప్పుడూ చూస్తున్నా. కంపు మళ్లీ వస్తే జింకు కలిపిన అల్యూమినియం రాడ్డు వేయించాలని నాకుంది, అత్తయ్య మాత్రం ఉన్నదాన్ని కదపొద్దంటున్నారు.