జాగ్రత్త: వీకెండ్ షోల కోసం సెకండ్ హ్యాండ్ ‘ఫుల్ బ్యాండ్ సెట్’ కొనేవాళ్లకి

శని, ఆదివారాల్లో రెండు షోలు ఒప్పేసుకుని సామాన్ల కోసం పరుగులు పెట్టే స్టూడెంట్ బ్యాండ్లే ఇలాంటి సెట్లు అమ్మేవాళ్ల గిరాకీ. ఒక ఆంప్ (శబ్దం పెంచే ఆంప్లిఫయర్), రెండు మైకులు, నాలుగు పెడళ్లు (గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టెలు), కట్టెడు కేబుళ్లు కలిపి ‘అన్నీ వర్కింగ్’ అంటూ అంటగడుతున్నారు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. అమ్మేవాడి గదిలో, తక్కువ వాల్యూమ్‌లో ఐదు నిమిషాలు అన్నీ మోగుతాయి. స్టేజి మీద రెండో పాటకల్లా ఒక్కొక్కటే మూగబోతాయి.

ముందు అడాప్టర్ సంగతి చూడండి, దీనివల్ల పెడళ్లు చచ్చిపోవచ్చు. గిటార్ పెడళ్లలో చాలావాటికి 9 వోల్టుల డీసీ కావాలి, ప్లగ్గు లోపల మైనస్, బయట ప్లస్. వైఫై రౌటర్లకి వచ్చే అడాప్టర్లు ఎక్కువగా దీనికి తిరగేసి ఉంటాయి. ప్లగ్గు మాత్రం అదే సైజు, హాయిగా దూరిపోతుంది. స్టిక్కర్ మీద ఒక చుక్క, దాని చుట్టూ సగం తెరిచిన గుండ్రటి గీత, రెండు పక్కలా ప్లస్, మైనస్ గుర్తులు ఉంటాయి. చుక్క నుంచి బయల్దేరిన గీత మైనస్ దగ్గరికి వెళ్లాలి. తిరగబడితే పెడల్లోని రక్షణ డయోడ్ కాలొచ్చు, అది లేకపోతే ఏకంగా చిప్పే పోవచ్చు. స్టిక్కర్ చిరిగిన అడాప్టర్ ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఒకే అడాప్టర్‌తో నాలుగు పెడళ్లకీ కరెంటిచ్చే గొలుసు కేబుల్ కూడా సెట్‌లో పెడతారు. మామూలు ఓవర్‌డ్రైవ్ పెడల్ (శబ్దాన్ని కరుకుగా చేసేది) లాగేది పది, ఇరవై మిల్లీఆంప్‌లే. డిజిటల్ డిలే, రివర్బ్ పెడళ్లు (ప్రతిధ్వని ఇచ్చేవి) ఒక్కోటి 100 నుంచి 300 దాకా లాగుతాయి. అన్నీ కూడి, పైన పావు వంతు కలిపి, అడాప్టర్ మీదున్న మిల్లీఆంప్‌ల అంకెతో పోల్చుకోండి. అంకె సరిపోయినా, డిజిటల్ పెడలూ, ఓవర్‌డ్రైవ్ కన్నా కరుకైన డిస్టార్షన్ పెడలూ ఒకే గొలుసులో ఉంటే సన్నటి కూత వచ్చే అవకాశం ఉంది. వాల్యూమ్ పెంచితేగానీ అది వినపడదు, అందుకే కొనేటప్పుడు దొరకదు.

కేబుళ్లు పైకి చూస్తే కవలలే: నల్ల తొడుగు, రెండు చివర్లా క్వార్టర్ ఇంచ్ జాక్. జాక్ మూత తిప్పి తీయండి. మధ్యలో సన్న తీగ, దాని చుట్టూ అల్లిక జాలీ ఉంటే గిటార్ కేబుల్. ఒకే మందంలో రెండు లావు తీగలు పక్కపక్కన ఉంటే స్పీకర్ కేబుల్. స్పీకర్ కేబుల్‌ని గిటార్‌కి పెడితే గుయ్యిమనే హమ్ వస్తుంది, అంతే. గిటార్ కేబుల్‌ని ఆంప్ హెడ్‌కీ (స్పీకర్ లేని ఆంప్ పెట్టె) స్పీకర్ క్యాబినెట్‌కీ (స్పీకర్లుండే పెట్టె) మధ్య పెడితే మాత్రం వేడెక్కి షార్ట్ అవ్వొచ్చు, ఆంప్‌నీ తీసుకుపోవచ్చు. ఎలాగూ మూత తీశారు కాబట్టి టంకం కూడా చూడండి. మెరుపు లేని బుడిపెలా ఉండి, వేలితో కదిపితే తీగ ఊగుతుంటే దానికి ఆయుష్షు లేదు.

క్యాబినెట్లు రెండు ఇస్తుంటే ఓంలు (కరెంటుకి స్పీకర్ అడ్డుపడే కొలత) లెక్కేయండి. 8 ఓంలవి రెండు పారలల్‌గా కలిపితే 4, 4 ఓంలవి రెండు కలిపితే 2. ఆంప్ వెనక కనీసం 4 ఓంలు అని ఉంటే ఆ 2 ఓంల జత దాన్ని కాల్చేయొచ్చు. ఇక పీఎంపీఓ వాట్లంటారా (ప్రచారం కోసం పెంచి రాసే అంకె), చదివి నవ్వుకోవడానికే. ఆర్ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగల శక్తి, అడగండి.

మైకుల్లో నకిలీల బెడద ఎక్కువగా ష్యూర్ ఎస్ఎం58కే. అసలుది 298 గ్రాములుంటుంది, స్విచ్ ఉండదు. స్విచ్ ఉన్నది ఎస్ఎం58ఎస్, అది వేరే మోడల్. తూకం సరిపోతే అసలుదని నమ్మక్కర్లేదు, బాగా తేడా వస్తే మాత్రం వదిలేయండి. ముందు నుంచి, తర్వాత వెనక నుంచి అంతే గట్టిగా మాట్లాడండి. వెనక మాట బాగా తగ్గాలి. తగ్గకపోతే మానిటర్ (స్టేజి మీద వాయించేవాళ్ల వైపు తిప్పిన స్పీకర్) ముందు ఫీడ్‌బ్యాక్ కూత తప్పదు.

2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ మైక్, గిటార్ సెట్లు వైఫై, బ్లూటూత్ వాడే బ్యాండ్‌లోనే పనిచేస్తాయి. ఖాళీ గదిలో భేషుగ్గా ఉంటాయి. జనం ఫోన్లతో నిండిన హాల్లో శబ్దం తెగిపోతుంటుంది.

ఒక్క విషయంలో మొహమాటం వద్దు. ఆంప్ ప్లగ్గుకి ఎర్త్ పిన్ విరిచేసి ‘హమ్ రాకుండా చేశాం’ అంటే అక్కడే వదిలేసి రండి. అలాంటి ఆంప్‌లో లీకేజీ ఉంటే, గిటార్ తీగల మీద చెయ్యి వేసినవాడి పెదవి మైక్‌కి తగిలినప్పుడు షాక్ కొడుతుంది. అది ప్రాణం తీసేంత కూడా కావచ్చు. హమ్ పోగొట్టడానికి డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి పంపే చిన్న పెట్టె) మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంది, అది వేసేది సిగ్నల్ కేబుల్‌కి, కరెంటు ప్లగ్గుకి కాదు.

టెస్ట్ చేస్తే బ్యాండ్ అంతా వెళ్లి, అన్నీ కలిపి, షో వాల్యూమ్‌లో అరగంట వాయించండి. వాయిస్తుండగానే ఒకరు ప్రతి జాక్‌నీ మొదట్లో పట్టుకుని అటూఇటూ వంచాలి, ఇంకొకరు ప్రతి నాబ్ పూర్తిగా తిప్పి చూడాలి. కరకరమంటే నాబ్ లోపల దుమ్ము పట్టింది, కాంటాక్ట్ క్లీనర్‌తో పోవచ్చు. కాలిన వాసన వస్తే అది పోయేది కాదు. అరగంట ఒప్పుకోని అమ్మకందారుతో బేరం అనవసరం. ఒప్పుకున్నా సరే, ఏది పనిచేయకపోయినా సోమవారం వెనక్కి తీసుకుంటానని మెసేజ్‌లో రాయించుకుని, ప్రతి వస్తువు సీరియల్ నంబరూ ఫొటో తీసుకున్నాకే డబ్బు చేతిలో పెట్టండి.