సప్లిమెంట్లు: నిషేధించాలా, పరీక్షించాలా?

అమెరికాలో రెండు దారులూ నడిచాయి. 1994 చట్టం ప్రకారం సప్లిమెంట్ అమ్మడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. ప్రమాదకరమని నిరూపించాల్సింది ప్రభుత్వమే. 2004 స్టెరాయిడ్ చట్టం ఇంకో దారి పట్టింది: పదార్థాల పేర్లు జాబితాలో పెట్టి నిషేధించింది. 1998లో బేస్‌బాల్ ఆటగాడు మార్క్ మెక్‌గ్వైర్ వాడిన ఆండ్రోస్టెన్‌డయోన్ అనే, ఒంట్లో మగ హార్మోన్‌గా మారే పదార్థం అప్పట్లో షాపులో దొరికేది. 2005 జనవరి నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరమైంది. అదే కోవలోని డీహెచ్ఈఏ అనే హార్మోన్‌ని మాత్రం వదిలేశారు. ఇదేం న్యాయం?

నిషేధం వైపు గట్టి వాదన ఎఫెడ్రా, బరువు తగ్గడానికి వాడిన మూలిక. గుండెపోటు, పక్షవాతం కేసులు వచ్చాక 2004లో దాన్ని ఆపారు, మంచి పనే చేశారు. కానీ ఆ పని 1994 చట్టం కిందే జరిగింది: సాక్ష్యం చూపించి, ఆ ఒక్క పదార్థాన్నే ఆపారు. జాబితా పద్ధతిలో మాత్రం అణువులో చిన్న మార్పుతో కొత్త సరుకు వచ్చింది. 2014లో మళ్లీ చట్టం చేయాల్సి వచ్చింది.

1994 దారిలోనూ పెద్ద లోటుంది. డబ్బా మీద రాసిందే లోపల ఉందా అన్నది అమ్మకానికి ముందే బయటి ల్యాబ్ తేల్చాలి. నేనైతే ఆ షరతుతో 1994 దారికే ఓటేస్తాను. జిమ్‌కి వెళ్లే పెద్దవాళ్ల మీద కేసులు పెట్టడాన్ని ఒప్పుకోలేను.