పశువుల షెడ్డు: పంచాయతీకా, ఊరి కమిటీకా?

వదిలేసిన ఆవులకి, దెబ్బతిన్న కుక్కలకి ఏటిగట్టు పక్కన ఒక షెడ్డు వేద్దామంటే కోనసీమలో ఏ ఊరూ కాదనదు. నెలనెలా డబ్బు పెట్టేదెవరు అన్నదగ్గరే మాట ఆగిపోతుంది.

పంచాయతీకి అప్పగిస్తే స్థలం వెతుక్కోనక్కర్లేదు. పాత బందెలదొడ్డి (చేలో పడ్డ పశువుల్ని కట్టేసే చోటు) జాగా మిగిలుంటే అదే చాలు. పైగా 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కల ఆపరేషన్లు, రేబిస్ టీకాలు స్థానిక సంస్థల బాధ్యతే. కానీ బిల్లు పాసయ్యేదాకా ఆవు ఆకలి ఆగదు కదా!

కమిటీ అయితే పని చకచకా సాగుతుంది. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక రైతులు గడ్డి ఇస్తారు, సంక్రాంతికి ఊరొచ్చినవాళ్లు చందాలు రాస్తారు. ఆగస్టులో గోదావరి పొంగి లంకల్లోని పశువులను గట్టెక్కించాల్సి వస్తే అర్ధరాత్రి ఫోనెత్తేదీ వీళ్లే. అసలు టెన్షన్ ఆ తర్వాత. గడ్డివామి తడిసి కుళ్లుతుంది, చందాల హుషారు చల్లారుతుంది, లెక్కలడిగితే అలకలు. (మా గుడి కమిటీ గొడవ ఇప్పటికీ తేలలేదు.)

నన్నడిగితే స్థలం, నీళ్లు, కరెంటు, టీకాలు పంచాయతీవి, రోజువారీ చాకిరీ కమిటీది. ఖర్చుల లెక్క మాత్రం ప్రతి నెలా పంచాయతీ ఆఫీసు గోడకి అంటించాలి.