ఆర్మీ కెప్టెన్, నేవీ కెప్టెన్: పేరొకటే, హోదా వేరు

పెళ్లి సంబంధంలో "అబ్బాయి కెప్టెన్" అన్నారంటే ఆర్మీనా, నేవీనా అని ముందు అడగండి. ఆర్మీలో కెప్టెన్ ఇంకా కుర్ర అధికారే. భుజం మీద మూడు నక్షత్రాలు ఉంటాయి. కమిషన్ (అధికారిగా నియామకం) అందుకున్న రెండేళ్లకే ఈ హోదా వస్తుంది. నేవీలో అదే మాటకు బరువు చాలా ఎక్కువ. భుజాన నాలుగు బంగారు చారలు, పై చారకు గుండ్రటి మెలిక, ఆర్మీ కల్నల్‌తో సమానమైన స్థాయి. 2021లో నేవీలో చేరిన ఐఎన్‌ఎస్ విశాఖపట్నం లాంటి పెద్ద యుద్ధనౌకను (డిస్ట్రాయర్) నడిపించేది ఈ హోదా వాళ్లే. ఆర్మీ కెప్టెన్‌కు సాటి వచ్చేవాళ్లు నేవీలో లెఫ్టినెంట్, ఎయిర్‌ఫోర్స్‌లో ఫ్లైట్ లెఫ్టినెంట్.

ఇంకో తిరకాసు ఉంది. చిన్న యుద్ధనౌకకు అధిపతి కెప్టెన్ కన్నా ఒక మెట్టు కిందిదైన కమాండర్ హోదాలో ఉన్నా, ఓడలో ఆయన్ని కెప్టెన్ అనే అంటారు. ఈ సంప్రదాయం నాకు చాలా ఇష్టం. నడిసముద్రంలో అందరి ప్రాణాల బాధ్యతా ఆయనదే కదా!