రే చార్ల్స్ కంట్రీ రికార్డు: రెండో వైపు నుంచి వినండి

అమెరికన్ సోల్ గాయకుడు రే చార్ల్స్ కంట్రీ పాటల్ని (అమెరికా పల్లె బాణీలు) తన పద్ధతిలో పాడి, 1962లో ఏబీసీ పారమౌంట్ కంపెనీకి చేసిన 'మోడర్న్ సౌండ్స్ ఇన్ కంట్రీ అండ్ వెస్టర్న్ మ్యూజిక్' ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) కొంటే మొదటి వైపు పెట్టి మొదలెట్టకండి. అటు ముందుండేది 'బై బై లవ్'. పాట ప్రేమ చేజారిన బాధ గురించి, చెవిన పడేది బిగ్ బ్యాండ్ (బూరల పెద్ద వాద్యబృందం) హుషారు. ఈ జోరు పాటలు వినసొంపుగా ఉంటాయి, అంతే. రికార్డు విలువంతా వాద్యకూర్పరి మార్టీ పేచ్ వయొలిన్లు కూర్చిన నెమ్మది పాటల్లో ఉంది.

వాటిలో మేటి 'యూ డోంట్ నో మీ'. గాయకుడు ఎడ్డీ ఆర్నాల్డ్ ఇచ్చిన ఆలోచనని సిండీ వాకర్ పాటగా అల్లింది. పాటలో ప్రేమించిన అమ్మాయి చెయ్యి కలిపి పలకరిస్తుంది, ఇతనికి గొంతు పెగలదు. స్నేహితుడనుకుంటుంది, చివరికి ఇంకొకరి పక్కన నడిచి వెళ్లిపోతుంది. ఆమె మీద ఒక్క నింద లేదు. భయం, సిగ్గు తనవేనని ఒప్పుకుంటాడు. పాట గుచ్చుకునేది అందుకే. రే ప్రతి మాటనీ తాళానికి కాస్త వెనకగా వేస్తాడు, చెప్పాలా వద్దా అని తటపటాయిస్తున్నట్టు. కంట్రీ పాటల్లో మామూలుగా వినిపించే స్టీల్ గిటార్ సాగదీత లేకపోవడం వల్ల ఆ తటపటాయింపు దాగడానికి చోటుండదు.

రెండో వైపు 'యూ విన్ అగైన్' కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ 1952లో రికార్డు చేసిన పాట. ఆమె మోసం ఊరంతా తెలిసిపోయింది, వదిలి వెళ్లాలనీ తెలుసు, కాళ్లు కదలవు. కోపంగా పాడితే చెడిపోయే పాట ఇది. రే ఓడిపోయినవాడి నీరసంతోనే పాడాడు.

డాన్ గిబ్సన్ రాసిన 'ఐ కాంట్ స్టాప్ లవింగ్ యూ' అదే వైపు ఐదోది. కాలం గాయం మాన్పుతుందంటారు గానీ, విడిపోయినప్పటి నుంచి నాకు కాలమే ఆగిపోయింది అనే చరణమే పాటకి ప్రాణం. కోరస్ ముందు పాడితే రే వెనక అందుకుని, ఆ తీపిని తన బొంగురు గొంతుతో విరగ్గొడతాడు. అయినా ఆ కోరస్ నా లెక్కలో ఒక మోతాదు ఎక్కువే. వెంటనే 'హే గుడ్ లుకిన్' పెట్టి మూడ్ చెడగొట్టడం మాత్రం పొరపాటే; అక్కడ సూది ఎత్తేయొచ్చు.

పాత కాపీ కొనేటప్పుడు ఈ ఐదో పాటే వేయించుకుని వినండి. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో సూది కింద గాడి బయటి అంచు దగ్గర సెకనుకి 50 సెంటీమీటర్ల చొప్పున కదిలితే, లేబుల్ దగ్గర 20 చిల్లరే. అంతే ధ్వని తక్కువ చోట ఇరుక్కుంటుంది కాబట్టి అరిగిన గాడి ముందు ఇక్కడే బయటపడుతుంది: కోరస్‌లో 'స' శబ్దాలు బరబరమంటాయి. కొత్త కాపీకీ అలాగే ఉంటే కార్ట్రిడ్జ్ (సూదిని పట్టుకునే భాగం) కోణం ప్రొట్రాక్టర్‌తో (కోణమానిని) సరిచూడండి, సూది చివర దుమ్ము తుడవండి.

స్ట్రీమింగ్‌లో అయితే 'ఐ కాంట్ స్టాప్ లవింగ్ యూ' నిడివి చూడాలి. ఆల్బమ్‌లోది 4 నిమిషాల పైచిలుకు. నటుడు, గాయకుడు ట్యాబ్ హంటర్ ఇదే బాణీ కూర్పుతో పాడి విడుదల చేయడంతో కంపెనీ హడావిడిగా రెండున్నర నిమిషాల చిల్లరకి కత్తిరించి సింగిల్‌గా (విడి పాట రికార్డుగా) వదిలింది. అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్‌లో 5 వారాలు మొదటి స్థానంలో నిలిచింది ఆ కత్తిరింపే గానీ, అందులో దుఃఖం పేరుకునే వ్యవధి లేదు. పొడుగుదే ఎంచుకోండి.