గుర్రాల హెర్పిస్: పీసీఆరా, జంట సీరం పరీక్షా?

2021 ఫిబ్రవరిలో స్పెయిన్‌లోని వలెన్సియా పోటీల్లో గుర్రాలకు జ్వరం వచ్చింది. వెనుక కాళ్లు తడబడి కొన్ని లేవలేకపోయాయి. కారణం ఈహెచ్‌వీ-1 అనే గుర్రాల హెర్పిస్ వైరస్. అలాంటి చోట నా ఓటు వైరస్ జన్యు పదార్థాన్నే పట్టుకునే పీసీఆర్ పరీక్షకే. ముక్కు లోపలి స్వాబ్‌తో పాటు ఈడీటీఏ గొట్టంలో (రక్తం గడ్డకట్టనివ్వని గొట్టం) రక్తమూ పంపాలి. వైరస్ తెల్ల రక్తకణాల్లో తిరుగుతుంది కాబట్టి ముక్కులో దొరకనిది అక్కడ దొరకవచ్చు. ఫలితం త్వరగా వస్తుంది, ఏ గుర్రాన్ని వేరుగా ఉంచాలో తేలుతుంది.

జంట సీరం పరీక్ష వైరస్‌పై శరీరం తయారుచేసే యాంటీబాడీలను కొలుస్తుంది; దీనికి రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు సీరం (రక్తంలోని ద్రవ భాగం) నమూనాలు కావాలి. టైటర్ (యాంటీబాడీల స్థాయి) నాలుగు రెట్లు పెరిగితేనే తాజా ఇన్‌ఫెక్షన్ అని నమ్మగలం. ఈలోగా పక్క గుర్రాలకు అంటుకుంటుంది! ఇటీవల టీకా వేసి ఉంటే మరీ తికమక. వైరస్ కనుమరుగయ్యాక జరిగింది తెలుసుకోవడానికి మాత్రం ఇది పనికొస్తుంది.

గర్భస్రావమైతే తల్లి టైటర్ కోసం ఆగవద్దు; పిండం కాలేయం, ఊపిరితిత్తుల ముక్కలు వెంటనే పీసీఆర్‌కు పంపండి.